ప్రతీకార చర్యల పాఠం: స్కేలు, మోకాలు, కంటిపాప – పిల్లల చేత ఎలా చేయిస్తున్నారు?

దేవరకొండ బయాలజీ టీచర్
ఆదివారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. పదో తరగతికి నియంత్రణ – సమన్వయం పాఠం ఈ వారమే మొదలుపెడుతున్నాను. ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) అంటే మనం అనుకోకుండానే ఒళ్లు వెంటనే స్పందించడం. అందులో కబురు పోయే దారిని చూపే ప్రతీకార చర్యాచాపం బొమ్మ పిల్లలు చక్కగా గీస్తారు. గ్రాహకం, అభివాహి నాడి (కబురు తెచ్చేది), వెన్నుపాము, అపవాహి నాడి (ఆజ్ఞ తీసుకుపోయేది), కండరం అని బాణం గుర్తులతో సహా అప్పగిస్తారు. అదే పిల్లలను "క్రికెట్‌లో క్యాచ్ పట్టడం ప్రతీకార చర్యేనా?" అని అడిగితే సగం మంది అవునంటారు. బొమ్మ వచ్చింది, విషయం రాలేదు. ఈ పాఠానికి కావలసిన సామగ్రి అంతా పిల్లల ఒంట్లోనే ఉంది. కన్ను ఉంది, మోకాలు ఉంది, చెయ్యి ఉంది. అయినా నల్లబల్ల మీద సుద్దతోనే ముగించేస్తున్నాం. ఇది నాకు బొత్తిగా మింగుడుపడటం లేదు.

తరగతిలో నలభై మంది వరకు ఉంటారు. రెండు పీరియడ్లు దొరుకుతాయి. మోకాలి కింద తట్టి కాలు దానంతటదే ఎగరడం చూడటానికి డాక్టర్లు వాడే సుత్తి మా దగ్గర లేదు. ఏది ముందు చేయించాలి, ఏది అసలు చేయించకూడదు? అనుభవం ఉన్నవారు వివరంగా రాయండి.

పాలమూరు ఫిజిక్స్ సార్
ఆదివారం, రాత్రి 8:15

మేడం, స్కేలుతోనే మొదలుపెట్టండి. ప్రతీకార చర్యను చూపించడానికి కాదు. అది ప్రతీకార చర్య కాదని పిల్లలే తేల్చుకోవడానికి.

పట్టుకునే విద్యార్థి మోచేయి బల్ల మీద ఆనించి, మణికట్టును అంచు దాటించాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య కొంచెం సందు. స్కేలు మీది సున్నా ఆ వేళ్ల ఎత్తున ఉండాలి. వదిలే విద్యార్థి మాట చెప్పకుండా, కనుసైగ చేయకుండా వదలాలి. ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకున్నారో రాసుకోవాలి. మొదటి ప్రయత్నాలు అలవాటు కోసమే కాబట్టి వాటిని వదిలేసి, తర్వాతి అయిదింటిలో మధ్య విలువను తీసుకోమనండి.

ఇక్కడ నా సబ్జెక్టు కలుస్తుంది. స్వేచ్ఛగా పడే వస్తువు దూరం తెలిస్తే కాలం తెలుస్తుంది. 10 సెం.మీ. జారితే 0.14 సెకను, 15కు దాదాపు 0.175, 20కి 0.20, 25కు 0.23, 30కి 0.25. ఈ అంకెలు గోడ మీద అంటిస్తే చాలు, లెక్క వేయలేని పిల్లలు కూడా తమ కాలం చూసుకుంటారు. చాలామంది 15 – 25 మధ్యలో పడతారు.

అసలు పరీక్ష ఆ తర్వాత. అదే విద్యార్థిని 100 నుంచి మూడేసి తీసేస్తూ పైకి లెక్కపెట్టమనండి: 97, 94, 91... ఆ మధ్యలో స్కేలు వదలండి. ఇంతకుముందు 18 దగ్గర పట్టినవాడు ఇప్పుడు స్కేలును జారవిడిచేస్తాడు. ఆలోచన వేరేచోట ఉంటే పని ఆలస్యమైంది కదా? అంటే ఆ పని ఆలోచన గుండా పోతోంది. మోకాలికి కూడా ఇదే పరీక్ష పెట్టి, రెండు ఫలితాలూ పక్కపక్కన రాయించండి. ఈ రెండింటినీ విడివిడిగా చేయిస్తే అవి వట్టి ఆటలు. జంటగా చేయిస్తేనే పాఠం.

నారాయణపేట జీవశాస్త్రం
ఆదివారం, రాత్రి 9:30

మోకాలి సంగతి నేను చెబుతాను. ఇందులో చిన్న చిన్న విషయాల దగ్గరే పని చెడుతుంది.

పాదాలు నేలకు తగలకూడదు. బెంచీలు పొట్టిగా ఉంటే టీచర్ బల్ల మీద కూర్చోబెట్టండి. తొడ వెనక భాగం బల్లకు పూర్తిగా ఆనాలి, కాలు మోకాలి దగ్గర నుంచి వేలాడాలి. ఇప్పుడు మోకాలి చిప్పను వేలితో తడుముతూ కిందికి రండి. చిప్ప అంచు అయిపోయాక, ముంగాలి ఎముక గట్టిగా తగలకముందు, మధ్యలో కాస్త మెత్తగా లోపలికి నొక్కుకునే చోటు ఉంటుంది. అదే స్నాయుబంధనం. తొడ ముందరి కండరాన్ని ముంగాలి ఎముకకు కలిపేది అదే. అక్కడ అరచేతి పక్కభాగంతో, చిటికెన వేలి వైపు అంచుతో, మణికట్టును వదులుగా ఊపి ఒక్క తట్టు తట్టాలి. బలం అక్కర్లేదు. చిప్ప మీద తగిలితే నొప్పి తప్ప ఏమీ రాదు.

రెండో చేతిని విద్యార్థి తొడ మీద ఉంచమనండి. కాలు పైకి లేవకపోయినా కండరం బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. "నాకు రాలేదు మేడం" అని చిన్నబుచ్చుకునే పిల్లలకు ఇది చాలా ముఖ్యం. ఆడపిల్లలను ఆడపిల్లలతో, మగపిల్లలను మగపిల్లలతో జత చేయండి. బిగుతు ప్యాంట్లు వేసుకున్న రోజు ఈ ప్రయోగం పెట్టుకోవద్దు.

ఫిజిక్స్ సార్ చెప్పిన లెక్కపెట్టే పరీక్ష ఇక్కడ పెడితే కాలు ఆలస్యం చేయదు, చాలాసార్లు ఇంకా బాగా ఎగురుతుంది. రెండు చేతుల వేళ్లనూ కొక్కేల్లా ఒకదానిలో ఒకటి తగిలించి గట్టిగా ఇరువైపులా లాగమని చెప్పి, సరిగ్గా ఆ క్షణంలో తట్టి చూడండి. ఊరకే కూర్చుంటే రాని కాలు కూడా అప్పుడు లేస్తుంది. హంగరీ వైద్యుడు యెండ్రాసిక్ పేరుతో వైద్యులు ఇప్పటికీ వాడే పద్ధతి ఇది. మోకాలి చర్యను 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు వేర్వేరుగా వర్ణించారు.

బొమ్మ గురించి ఒక హెచ్చరిక. వేడి వస్తువు తాకినప్పుడు చెయ్యి లాక్కునే దారిలో జ్ఞాననాడికి (అభివాహి), చాలకనాడికి (అపవాహి) మధ్య రెండింటినీ కలిపే సహసంబంధ నాడీకణాలు ఉంటాయి. మోకాలు తన్నే దారిలో అవి లేవు. సాగిన కండరం నుంచి వచ్చిన నాడీకణం వెన్నుపాములో చాలక నాడీకణాన్ని నేరుగా కలుస్తుంది. మధ్యలో ఒకే ఒక్క సంధి, అంటే కబురు ఒక నాడీకణం నుంచి మరో దానికి మారే చోటు. అందుకే అంత వేగం, తట్టిన తర్వాత దాదాపు సెకనులో ఇరవయ్యో వంతుకే కాలు కదలడం మొదలవుతుంది. తొడ వెనక కండరాన్ని అదే సమయంలో వదులు చేయడానికి మాత్రం మధ్యలో ఇంకో నాడీకణం కావాలి. ఒక కండరం బిగిస్తే ఎదుటి కండరం వదులు కావాలన్న ఈ ఏర్పాటును వివరంగా పరిశోధించినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త షెరింగ్టన్. ఆయనకూ మరో బ్రిటిష్ శాస్త్రవేత్త ఏడ్రియన్‌కూ కలిపి 1932లో నోబెల్ వచ్చింది. పిల్లలు రెండు దారులకూ రెండు బొమ్మలు గీయాలి. ఒకే బొమ్మ అన్నింటికీ సరిపోదు.

మిర్యాలగూడ టీచర్
సోమవారం, ఉదయం 7:05

అందరూ బాగా రాస్తున్నారు. కానీ రెండు పీరియడ్లు దీనికే పోతే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? పరీక్షలో బొమ్మ అడుగుతారు, భాగాలు అడుగుతారు. మోకాలు ఎగిరిందా లేదా అని అడగరు. పిల్లల మార్కులకు జవాబు చెప్పాల్సింది మనమే.

దేవరకొండ బయాలజీ టీచర్
సోమవారం, ఉదయం 7:40

సార్, మీ ఆందోళన నాకూ ఉంది. అయితే తన మోకాలి మీద చూసిన విద్యార్థికి బొమ్మను మళ్లీ మళ్లీ బట్టీ పట్టించాల్సిన అవసరం ఉండదు. ఆ సమయం అక్కడ మిగులుతుంది. పైగా ప్రశ్న తిప్పి అడిగినా జవాబు రాయగలగాలి కదా.

నాగర్‌కర్నూలు స్టాఫ్ నర్సు
సోమవారం, మధ్యాహ్నం 2:20

నేను టీచర్‌ను కాదు, మా అబ్బాయి పదో తరగతి. చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఫిజిక్స్ సార్ మాటకు ఒక చేర్పు. పిల్లలు దాన్ని "మెదడు గుండా పోతే ప్రతీకార చర్య కాదు" అని రాసుకుంటే చిక్కు వస్తుంది. వెలుగు పడితే కంటిపాప చిన్నదవుతుంది. ఆ దారి మధ్యమెదడులో ఉంది, వెన్నుపాములో కాదు. దగ్గు, తుమ్ము, రెప్ప కొట్టుకోవడం కూడా మెదడులోని కింది భాగాల పనులే. కాబట్టి అడగాల్సింది మెదడు ఉందా లేదా అని కాదు. మన ఇష్టంతో, మన నిర్ణయంతో పని ఉందా లేదా అని. స్కేలు పట్టాలంటే నిర్ణయం కావాలి. కంటిపాపకు మన నిర్ణయంతో సంబంధమే లేదు.

కంటిపాపను చూపించడంలో మన పిల్లల దగ్గర ఒక ఇబ్బంది ఉంది. మన కళ్లు ముదురు గోధుమ రంగు కాబట్టి గదిలో వెలుతురు తక్కువైతే పాప ఎక్కడ ముగిసిందో, చుట్టూ ఉన్న రంగు భాగం ఎక్కడ మొదలైందో కనబడదు. కిటికీ పక్కన, వెలుతురు చెంప వైపు నుంచి పడేలా నిలబెట్టండి. రెండు కళ్లూ అరచేతులతో పూర్తిగా కప్పుకొని నెమ్మదిగా ఇరవై లెక్కపెట్టి చేతులు తీయాలి. తీసిన మొదటి క్షణంలోనే ఎదుటివారు చూడాలి. పాప విప్పారి ఉండి, చూస్తుండగానే ముడుచుకుంటుంది. ఒకసారి తప్పిపోతే మళ్లీ చేయించండి.

తర్వాత నోటుపుస్తకాన్ని ముక్కు మీద నిలువుగా, రెండు కళ్ల మధ్య గోడలా పెట్టండి. ఒక కంటి మీదికి పక్క నుంచి ఫోను లైటు ఒకటి రెండు సెకన్లు వేయండి. చూడాల్సింది వెలుగు పడని కంటిని. అదీ ముడుచుకుంటుంది. ఎందుకని పిల్లలను అడిగి కాసేపు వదిలేయండి, జవాబు మీరు చెప్పేయకండి. వెలుగుకు కంటిపాప స్పందించే తీరును ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ విట్ 1751లోనే రాశాడు.

చేయించకూడనివి: ఎండలోకి, లేజరు వైపు చూడటం. కంటిని దూదితో కానీ వేలితో కానీ తాకడం. సూదులు, కొవ్వొత్తులు, వేడి గరిటెలు. మూర్ఛ ఉన్న పిల్లల ముందు లైటును టపటపా ఆర్పి వెలిగించడం.

ఇది మన ప్రాంతానికి ఎందుకు అవసరమో కూడా చెబుతాను. పత్తి చేలల్లో మందు కొట్టి వచ్చి చెమటలు, వాంతులు, నోట్లో నురగతో మా దగ్గరికి వచ్చేవారిలో మేము ముందు చూసేవాటిలో కంటిపాప ఒకటి. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందులు ఒంట్లోకి పోతే నాడీ సంధుల్లో కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్ విరగకుండా పేరుకుపోతుంది, పాపలు గుండుసూది మొనంత అవుతాయి. ఇంట్లో ఎవరిలోనైనా ఇలాంటి లక్షణాలు కనిపిస్తే పిల్లలు వెంటనే 108కి ఫోను చేయాలి. ఈ ఒక్క మాట తరగతిలో చెప్పండి చాలు.

వనపర్తి బీఎడ్ విద్యార్థి
సోమవారం, రాత్రి 8:50

బోధనాభ్యాసంలో ఒక అమ్మాయి వేసిన ప్రశ్న మీ ముందుంచుతున్నాను. "వేడి తగిలితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుందన్నారు. మా అమ్మ పెనం మీద జొన్నరొట్టెను చేత్తోనే తిప్పుతుంది. చెయ్యి వెనక్కి తీసుకోదు. ఆమెకు ప్రతీకార చర్య లేదా?" తరగతి అంతా నా వైపు చూసింది. "రేపు మాట్లాడుకుందాం" అని వచ్చాను. ఏం చెప్పాలి?

నారాయణపేట జీవశాస్త్రం
సోమవారం, రాత్రి 9:45

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నలన్నింటిలో ఇదే గొప్ప ప్రశ్న. ఆ అమ్మాయిని నా తరఫున మెచ్చుకోండి.

ముందు పొయ్యి దగ్గర జరిగేది చూద్దాం. రొట్టె మీద తడి చేయి తిప్పుతారు, ఆ తడి ఆవిరయ్యేటప్పుడు కొంత వేడిని తీసుకుపోతుంది. చెయ్యి తగిలేది రొట్టె అంచుకు, అదీ రెప్పపాటు కాలం. ఏళ్ల తరబడి చేసిన చేతికి వేలికొసల చర్మం మందమవుతుంది. కాబట్టి చర్మం లోపలికి చేరే వేడి మనం అనుకున్నంత ఉండదు.

అయినా కొంత వేడి చేరుతుంది, చెయ్యి నిలబడుతుంది. ఇక్కడే అసలు విషయం. మెదడు నుంచి వెన్నుపాముకు కిందికి దిగే నాడులు ఉన్నాయి. చెయ్యి లాక్కునే ఏర్పాటును అవి కొంతవరకు ఆపగలవు. ఊళ్లో గొడవను గ్రామ పంచాయతీయే తేల్చేస్తుంది, కలెక్టర్ దాకా పోదు. కానీ పైనుంచి ముందే ఉత్తర్వు వచ్చి ఉంటే పంచాయతీ ఆగుతుంది. అమ్మకు రొట్టె వేడిగా ఉంటుందని ముందే తెలుసు, తిప్పాలన్న ఉద్దేశం ఉంది. అదే అమ్మకు తెలియకుండా వెనక నుంచి కాలిన గిన్నె మోచేతికి తగిలితే చెయ్యి ఎగిరిపడుతుంది. "అబ్బా" అనేది ఆ తర్వాతే, ఎందుకంటే నొప్పి కబురు పై మెదడుకు చేరేలోపే చెయ్యి కదిలిపోయింది.

దీన్ని వేడి లేకుండా తరగతిలో పరీక్షించవచ్చు. పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్ పలకను ఒక విద్యార్థి ముఖానికి అడ్డంగా రెండు చేతులతో పట్టుకోవాలి. ఎదుటివారు మెత్తని కాగితపు ఉండను ఆ పలక మీదికి విసరాలి. రెప్ప కొట్టకుండా ఉండమని చెప్పండి. మొదట ఎవరి వల్లా కాదు. వేస్తూ పోతే కొందరికి వస్తుంది. ఇప్పుడు కంటిపాపను ముడుచుకోకుండా ఆపమనండి. ఎవరి వల్లా కాదు, ఎన్నిసార్లు చేసినా కాదు. మోకాలిని? తొడ కండరాన్ని ముందే బిగించి కొంత అణచవచ్చు. స్కేలు పట్టడం మానేయాలంటే చిటికెలో మానేయవచ్చు. మన అదుపు ఎక్కడ పూర్తిగా ఉంది, ఎక్కడ కొంత ఉంది, ఎక్కడ అసలు లేదు అన్నది పిల్లలే వరసగా పేర్చుకుంటారు. "ఐచ్ఛికం, అనైచ్ఛికం" అని రెండు గడుల పట్టిక ఇచ్చేకంటే ఈ వరస వాళ్ల బుర్రలో నిలుస్తుంది.

మా ఊరి పిల్లల్లో చాలామంది చేనేత ఇళ్ల నుంచి వస్తారు. "నాన్న ఆలోచించకుండానే కాళ్లతో తొక్కుతూ నాడె విసురుతాడు, అదీ ప్రతీకార చర్యేనా?" అని అడుగుతారు. కాదు. అది నేర్చుకున్న పని. పుట్టుకతో రాలేదు, అనుమస్తిష్కం (చిన్నమెదడు) సాయంతో సాధనతో స్థిరపడింది. సైకిల్ తొక్కడం కూడా అంతే.

నాగర్‌కర్నూలు స్టాఫ్ నర్సు
సోమవారం, రాత్రి 10:20

రెప్ప సంగతిలో మరొకటి. కంటిని ఏదైనా తాకితే రెప్ప పడటం పుట్టుకతో వస్తుంది. ఎదురుగా ఏదో దూసుకొస్తుంటే రెప్ప పడటం మాత్రం అప్పుడే పుట్టిన బిడ్డలో ఉండదు, కొన్ని నెలలకు వస్తుంది. ప్లాస్టిక్ పలక ప్రయోగంలో పిల్లలు కొంత ఆపగలిగేది అందుకే.

మర్రిగూడ వైపు టీచర్
మంగళవారం, ఉదయం 6:30

ఈ ప్రయోగాలను ఇంటిపనిగా ఇచ్చేవారికి ఒక మనవి. తరగతిలో మోకాలు తట్టడం నేర్చుకున్న పిల్లవాడు ఇంటికి వెళ్లగానే తాత మోకాలి మీద, నానమ్మ మోకాలి మీద చూస్తాడు. మా వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం ఇంకా ఉంది. వాళ్ల కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. కాలు చాపడమే నరకం అయినవారి మోకాలిని తట్టించడం నాకు మనసొప్పదు. "ఇంట్లో పెద్దవాళ్ల మీద చేయవద్దు" అని ముందే గట్టిగా చెప్పండి.

నేను ఇచ్చే ఇంటిపని వేరు. ఇంట్లోనో పక్కింట్లోనో మూడు నాలుగు నెలల లోపు పాప ఉంటే, చేతులు సబ్బుతో కడుక్కుని, తల్లిని అడిగి, అరచేతిలో వేలు పెట్టి చూడమంటాను. పాప ఆ వేలిని గట్టిగా పట్టేసుకుంటుంది. ఏడాది నిండిన పాప దగ్గర అదే చేసి చూడాలి. అక్కడ ఆ పట్టు ఉండదు, ఇష్టమైతేనే పట్టుకుంటుంది. ఆ ప్రతీకార చర్య ఎటు పోయిందన్న చర్చతో మరునాటి పీరియడ్ మొదలవుతుంది. ఎదిగే మెదడు దాన్ని అణచివేసిందని చెప్పడానికి అది సరైన సమయం.

నాగర్‌కర్నూలు స్టాఫ్ నర్సు
మంగళవారం, ఉదయం 8:10

సార్ చెప్పింది అక్షరాలా నిజం. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నెముకలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కవచ్చు. అప్పుడు మోకాలి చర్య తగ్గడం కాదు, మామూలుకంటే తీవ్రమవుతుంది. పైనుంచి వచ్చే అదుపు తెగిపోవడమే కారణం. పైనుంచి ఉత్తర్వు వస్తే పంచాయతీ ఆగుతుందని నారాయణపేట మేడం రాసినదానికి ఇది రెండో వైపు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఆ హద్దు ఎందుకో ఈ పాఠంలోనే చెప్పవచ్చు.

పాలమూరు ఫిజిక్స్ సార్
మంగళవారం, సాయంత్రం 5:00

చూడాల్సింది మెదడు ఉందా అని కాదు, మన నిర్ణయం ఉందా అని నర్సు మేడం చెప్పిన తేడాను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. సమయం మిగిలితే ఇంకొకటి చేయండి, దీనికి తరగతి మొత్తం కావాలి, నలభై మంది ఉంటే ఇంకా మంచిది.

అందరూ కళ్లు మూసుకుని వరుసగా కూర్చోవాలి. ముందువారి భుజం మీద చెయ్యి వేయాలి. చివరివారు ముందువారి భుజం నొక్కగానే వారు తమ ముందువారిని నొక్కాలి. చివరి నుంచి మొదటికి నొక్కు చేరడానికి ఎంతసేపు పట్టిందో ఫోనులోని స్టాప్‌వాచ్‌తో చూడాలి. కాలం తగ్గడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయించండి. ఆ తర్వాత భుజానికి బదులు చీలమండ నొక్కమనండి. ఇప్పుడు కాస్త ఎక్కువ కాలం పడుతుంది, ఎందుకంటే కబురు కాలి నుంచి మెదడుకు ఒక మీటరు వరకు అదనంగా ప్రయాణించాలి. నాడిలో వేగం సెకనుకు 50 మీటర్లు అనుకుంటే ఒక్కొక్కరికీ 0.02 సెకను అదనం. ఒక్కరిలో అది ఎవరికీ కనబడదు. నలభై మందిలో 0.8 సెకను అవుతుంది. అది స్టాప్‌వాచ్‌లో కనబడుతుంది. నాడీ వేగాన్ని కొలవడం అసాధ్యం అనుకునే రోజుల్లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నాడిలో దాన్ని కొలిచి చూపాడు. ఒక ప్రభుత్వ బడి వరండాలో పదో తరగతి పిల్లలు తమ ఒంట్లో దాన్ని అంచనా వేయగలరు. ఇంతకంటే మంచి భౌతికశాస్త్రం నాకు తెలియదు.

దేవరకొండ బయాలజీ టీచర్
శుక్రవారం, రాత్రి 7:30

అందరికీ కృతజ్ఞతలు. మొదటి పీరియడ్‌లో స్కేలు, మోకాలు జంటగా, రెండో దానిలో కంటిపాప, ప్లాస్టిక్ పలక చేయించాను. భుజాలు, చీలమండల వరసను శనివారం వరండాలో పెట్టుకుంటాం.

వెలుగు పడని కంటిపాప కూడా ముడుచుకున్నప్పుడు "ఇటువైపు వెలుగు దొంగతనంగా వస్తోంది మేడం" అని ఇద్దరు అబ్బాయిలు నోటుపుస్తకం చుట్టూ టవలు కట్టారు. మళ్లీ చేశారు, అప్పుడూ ముడుచుకుంది. నేను చెప్పకుండానే "రెండు కళ్లకూ లోపల ఎక్కడో కలిసే చోటుంది" అన్నారు. మిర్యాలగూడ సార్, చివరి పది నిమిషాల్లో బొమ్మలు రెండూ గీయించాను. మోకాలి దారిలో ఒకే సంధి, చెయ్యి లాక్కునే దారిలో మధ్యన మరో నాడీకణం. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ సరిగ్గా గీశారు. క్యాచ్ ప్రశ్న మళ్లీ వేశాను. ఈసారి జవాబుతో ఊరుకోకుండా "లెక్కపెట్టిస్తూ బంతి వేసి చూద్దాం మేడం" అన్నారు.

పిల్లలు అడిగిన, నాకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి మిగిలింది. మనిషి నిద్రపోతున్నప్పుడు తడితే మోకాలు ఎగురుతుందా? నర్సు మేడం, మీరే చెప్పాలి.

నాగర్‌కర్నూలు స్టాఫ్ నర్సు
శుక్రవారం, రాత్రి 9:15

మంచి ప్రశ్న అడిగారు మీ పిల్లలు. నిద్ర పట్టాక ఈ చర్య తగ్గుతుంది. కలలు ఎక్కువగా వచ్చే, కనుగుడ్లు రెప్పల కింద వేగంగా కదిలే దశలో దాదాపు ఆగిపోతుంది. ఆ దశలో మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములోని చాలక నాడీకణాలను అణచి ఉంచుతాయి. కలలో పరుగెత్తినా మంచం మీది నుంచి లేచి పరుగెత్తకపోవడానికి కారణం అదే. అయితే నిద్రపోయే తమ్ముళ్ల మోకాళ్లు తట్టి చూడమని మాత్రం చెప్పకండి. కలలు కంటున్నప్పుడు రెప్పల కింద కనుగుడ్లు కదలడం తాకకుండానే కనబడుతుంది, తెల్లవారుజామున అది గమనించి రాసుకురమ్మనండి. ఆ దశ తెల్లవారుజామునే ఎక్కువసేపు ఉంటుంది.